పైడి అడిగిన రెండు మబ్బులు

జనవరి 23, శనివారం

రంగూన్ మింగళాడోన్‌లో హోటల్ గదిలో రెండో రోజు. ఇంకా పన్నెండు. తలుపుకి తాళం లేదు, ఉన్నట్టే. మూడుపూటలా బయట కుర్చీ మీద అన్నం పొట్లం పెట్టి, తలుపు కొట్టి, పారిపోతారు. పదకొండు నెలలు ఓడలో ఇరవైమందికి వండి పెట్టినవాణ్ణి. ఈ కూర చూస్తే వండినవాణ్ణి పిలిపించి నాలుగు తిట్టాలనిపిస్తుంది. ఉప్పుని కూడా క్వారంటైన్‌లో పెట్టినట్టున్నారు.

కిటికీలోంచి విమానాశ్రయం రోడ్డు. దాని వెనక కంటోన్మెంటు గోడ. ఇల్లు పజుండౌంగ్‌లో, టాక్సీలో గంట. చిలీ నుంచి నాలుగు విమానాలు మారి వచ్చాను. ఆఖరి గంటకి మాత్రం రెండు వారాలు.

జనవరి 24

మ ఖిన్ క్యారేజీ తెచ్చింది, రెండు బస్సులు మారి. గేటు దగ్గర ఇచ్చేసి రోడ్డు అవతల నిలబడి చెయ్యి ఊపింది. మాస్కు, గొడుగు... ఆ చెయ్యి ఊపే తీరు చూసి పెళ్లామని పోల్చుకున్నాను. చేపల పులుసు. వాళ్ళమ్మ బర్మా చేపల ముద్ద, మా అమ్మ శ్రీకాకుళం చింతపండు — రెండూ నాలిక మీద విడివిడిగా తెలుస్తాయి.

క్యారేజీ కడిగి వెనక్కి పంపాను. ఉత్తి గిన్నె తిరిగి ఇవ్వకూడదని అమ్మ ప్రాణం తీసేది. కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. హోటల్ గదిలో పంచదార ఎక్కడిది? చిలీలో లాడ్జి నడిపే రోసా ఇచ్చిన సంచిలోంచి గుప్పెడు ఎండుద్రాక్ష వేశాను.

సాయంత్రం పైడి ఫోను. "నాన్నా, ద్రాచ్చ నేనే తినీసాను. అమ్మకి రెండంటే రెండే."

తర్వాత అసలు సంగతి. నా మబ్బులు చూసినావా లేదా అంది. చూశాను, ఎలా ఉన్నాయంటే... అని మొదలెట్టాను. ఆపేసింది.

"ఫోన్లో వొద్దు. ఎదురుగా కూకుని సెప్పాల. నువ్వు సెప్తుంటే నేను బొమ్మ గీసుకోవాల."

ఫిజిక్సు చదివే పిల్ల. నేను ఓడ ఎక్కేముందు ఒక కాగితం రాసిచ్చింది — దక్షిణపు ఆకాశంలో నువ్వు చూడవలసినవి. మొదటిది: కదలని రెండు మబ్బులు. రంగూన్ నుంచి కనపడవట. మధ్యలో భూమి అడ్డం.

జనవరి 25

పైడి దగ్గర 'బాగుంది' అంటే కుదరదు. రంగు అడుగుతుంది, దూరం అడుగుతుంది. మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి.

చిలీలో కోకింబో రేవులో ఓడ దిగేసరికి నవంబరు ఆఖరు. కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది, ఇంటికి విమానాల్లేవు. ఏజెంటు నన్నూ మా ఫిట్టర్‌నీ బీచి ఒడ్డున రోసా అనే ముసలామె లాడ్జిలో పడేశాడు. వారం అన్నాడు. ఏడు వారాలు.

ఎడారి అన్నారు. ఎడారంటే ఇసక, ఒంటె అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఎడారి తిన్నగా సముద్రంలోకి దిగిపోతోంది. ఇటు గడ్డిపరక లేని గోధుమరంగు కొండలు, అటు బారెడు తెల్లటి బీచి. పొద్దున్నే సముద్రం మీంచి మంచు కమ్ముకొస్తుంది, పదింటిదాకా పక్కవాడి మొహం కనపడదు. వాన మాత్రం రాదు. ఇక్కడ ఆఖరి వాన ఎప్పుడని రోసాని సైగ చేసి అడిగితే, ఆలోచించి, ఆలోచించి, నవ్వేసింది. మన చౌంగ్‌తా బీచిలా గోరువెచ్చగా ఉంటుందనుకుని నీళ్ళలోకి దూకాను. అంతే వేగంగా బయటికొచ్చాను. ఒడ్డున పిల్లలు చప్పట్లు.

జనవరి 28

తోట గురించి.

రోసా తమ్ముడికి లోయలో ద్రాక్షతోట. ఒక ఆదివారం డొక్కు వ్యానులో తీసుకెళ్ళింది. రెండు పక్కలా మాడిన రొట్టెరంగు కొండలు, మధ్యలో సన్నటి ఏరు, ఏటి పొడుగునా ద్రాక్ష పందిళ్ళు. నీళ్ళు అందినంత మేర పచ్చన. ఒక్క అడుగు దాటితే దుమ్ము. ఒక కాలు పందిరి నీడలో, ఇంకో కాలు ఎడారిలో పెట్టి ఫోటో దిగాను. పైడికి చూపించాలి.

ద్రాక్షపళ్ళు మన వడియాల్లాగే ఎండలో ఆరబోస్తారు, కాకపోతే వట్టి నేల మీద. కింద గుడ్డ పరవండయ్యా అని చేతులూపి చెప్పాను. ఆయన ఒక పండు తీసి, లుంగీకి... కాదు, ప్యాంటుకి తుడిచి నా నోట్లో పెట్టాడు. ఇంకేం మాట్లాడను.

ఆ సాయంత్రం అక్కడే ఉన్నాం. చీకటి పడగానే ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే తగ్గించేశారు. చుక్కలు చూసేవాళ్ళ కోసమట. కొండల మీద తెల్లటి గుమ్మటాలు, వాటిలో పెద్ద పెద్ద దుర్భిణులు. ఒక చుక్క కనపడటం కోసం ఊరు ఊరంతా దీపం తగ్గించుకోవడం నేను ఎక్కడా చూడలేదు. నాన్న నేర్పిన గొల్లకావడి చుక్కలు అక్కడ తలకిందులుగా ఉన్నాయి. పిల్లలకోడి కూడా పల్టీ కొట్టింది. పైడి ముందే చెప్పింది గానీ కళ్ళతో చూసేసరికి నేనే తల తిప్పి తిప్పి చూసుకున్నాను.

మబ్బుల సంగతి ఇక్కడ రాయను. రాసి మళ్ళీ చెబితే చద్దికూర వేడిచేసినట్టు ఉంటుంది. పిల్లకి తాజాగా వడ్డించాలి.

ఫిబ్రవరి 1, సోమవారం

ఫోను చచ్చింది. అందరివీ. విమానాల మోత లేదు — అదే ముందు తెలిసింది, మోత లేకపోవడం. టీవీలో ఒకే ఛానెలు. సైన్యం దేశాన్ని చేతుల్లోకి తీసుకుందట. కిటికీ కింద లారీలు ఊరివైపు వెళ్తున్నాయి. లెక్కపెట్టడం మొదలెట్టి ఆపేశాను.

మధ్యాహ్నం మ ఖిన్ క్యారేజీ వచ్చింది. మనిషి ఎలా వచ్చిందో. మూతలో చీటీ: బియ్యం కొన్నాను, నూనె దొరకలేదు, పైడి బాగుంది.

ఎనభై ఎనిమిది తిరుగుబాటప్పుడు నాకు ఇరవై రెండు. ఆ కాలపు చీటీలు కూడా ఇలాగే ఉండేవి.

ఫిబ్రవరి 3

రాత్రి ఎనిమిది గంటలకి, సైన్యం వద్దని, ఊళ్ళో గిన్నెలు మోగాయి. దయ్యాన్ని వెళ్ళగొట్టేటప్పుడు కొట్టినట్టు. ముందు దూరంగా, తర్వాత మా హోటల్లోనే, అంతస్తు తర్వాత అంతస్తు. నేను క్యారేజీ మూత తీసుకుని గరిటెతో వాయించాను. నొక్కు పడింది. మ ఖిన్ చంపుతుంది.

ఫిబ్రవరి 6

రెండు రోజులు ఎక్కువే ఉంచి వదిలారు. ఇంటికి చేరాను. పైడి లేదు. రోడ్డు మీద ఊరేగింపులో ఉందట, యూనివర్సిటీ పిల్లలతో.

దీపాలు పెట్టాక వచ్చింది. ఎండకి కమిలిన మొహం, పోయిన గొంతు. పదమూడు నెలల తర్వాత చూసుకున్నాం. నన్ను కావలించుకుని నిలబడే నిద్రపోయేలా ఉంది.

"రేపు సెప్పు నాన్నా. కడిగిన బుర్రతో ఇంటాను."

ఫిబ్రవరి 10

రేపు.

ఫిబ్రవరి 14

ఇంట్లో రాత్రి ఉండే ప్రతి మనిషి పేరూ కుటుంబం లిస్టులో ఉండాలట. చుట్టం వస్తే వార్డు ఆఫీసులో చెప్పాలట. చెప్పకపోతే జైలు. ఎప్పుడైనా వచ్చి చూస్తారు.

మా లిస్టులో ముగ్గురం. ఉ టిన్ విన్ అలియాస్ సింహాచలం. డా ఖిన్ మ్య. మ తందా విన్. ఆఖరి పేరు కాలేజీకి, కాగితాలకి. ఇంట్లో పుట్టినప్పటినుంచీ పైడి — పైడితల్లి అమ్మవారి పేరు, మా అమ్మ పట్టుబట్టి పెట్టింది. ఎక్కడా రాయించలేదు. నాకు మాత్రం రెండు పేర్లూ ప్రతి కాగితం మీదా ఉంటాయి. ఒకసారి మా నాన్న పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందని ఇమిగ్రేషన్ వాళ్ళు నన్ను పొద్దుట్నుంచి సాయంత్రందాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఓడ తప్పిపోయింది. ఆనాటినుంచి ఏ ఫారం ఇచ్చినా చెయ్యి దానంతటదే 'అలియాస్' రాస్తుంది.

ఫిబ్రవరి 20

ఇవాళ సగం చెప్పాను! పైడి గచ్చు మీద బోర్లా పడుకుని పెన్సిలు పట్టుకుంది. మంచు చెప్పాను, ద్రాక్ష చెప్పాను, దీపాలు తగ్గించడం చెప్పాను. అక్కడ పెన్సిలు ఆపింది.

"మన ఊళ్ళో దీపాలు ఎందుకు ఆర్పుతున్నారో సూడు" అంది. రాత్రిళ్ళు వీధిదీపాలు ఆర్పి ఇళ్ళలోంచి మనుషుల్ని పట్టుకుపోతున్నారు.

సరే, ఇప్పుడు దక్షిణం వైపు తిరిగి కూర్చున్నానా... అనేలోపు ఫోను మోగింది. ఎవర్నో పట్టుకుపోయారు. లేచింది. చెప్పులు వేసుకుంటూ, "అక్కడే ఆపు నాన్నా, పేజీ మడత పెట్టీ."

పెట్టాను. మడత.

ఫిబ్రవరి 26

టీవీలో పేర్లు చదివారు. ఊరేగింపులు నడిపించిన విద్యార్థులు, దొరికితే పట్టించండి అని. ఏడో పేరు తందా విన్. మ ఖిన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, పప్పు మాడింది. ఎవరూ తినలేదు.

పైడి సంచీ సర్దుకుంది. ఇక ఇంట్లో పడుకోదు. గుమ్మంలో వాళ్ళమ్మతో అన్న మాట నేనూ విన్నాను.

"దొరికితే పైడి అని సెప్తాను. కొట్లో పనిసేత్తానని సెప్తాను. కాయితాల్లో పైడంటే ఎవులూ లేరు, ఒగ్గీస్తారు."

తెలివైన పిల్ల. నాకు పుట్టింది కదా అని గర్వపడ్డాను కూడా.

మార్చి 4, గురువారం

పట్టుకుపోయారు. పొద్దున పదకొండింటికి, వీధిలో. ఇంకో పదిమంది ఆడపిల్లలతో కలిపి లారీ ఎక్కించారని ఒకామె వచ్చి చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మార్చి 5

ఏమీ లేదు.

మార్చి 9, మంగళవారం

మనిషి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒకటే దారి. జైలు గేటు దగ్గర పేరు రాసి పార్సెల్ ఇవ్వాలి. తీసుకుంటే లోపల ఉన్నట్టు. వెనక్కి ఇస్తే లేనట్టు. లేనట్టంటే ఏమిటని ఎవరూ అడగరు.

మ ఖిన్ వెళ్ళింది. పైడి అని రాసింది. కౌంటర్లో చిన్నవాడు లిస్టు చూశాడట, ఆ పేరు ఉందన్నాడట. ఉంది! కానీ నువ్వు ఆమెకి ఏమవుతావు, రుజువు ఏది, కుటుంబం లిస్టు తెచ్చావా అన్నాడట. తల్లిని బాబూ అంటే కాగితం కావాలన్నాడట. డబ్బా తిరిగొచ్చింది. నా ఎండుచేపల వేపుడు మేమే తిన్నాం, ముద్ద దిగక.

అయినా ఉంది. లోపల ఉంది. బతికి ఉంది.

మార్చి 15

మ ఖిన్‌కి జ్వరం, దగ్గు. రేపు నేను వెళ్ళాలి. పడకలోంచి నాలుగుసార్లు చెప్పింది.

"పైడి అని రాయి, కో సింహాచలం. అదొక్కటే. మేనమామనని సెప్పు, కాయితం లేదని సెప్పు. తీసుకోకపోతే ఒచ్చీ."

నేనేం చిన్నపిల్లాణ్ణా.

మార్చి 16, మంగళవారం

తీసుకున్నారు.

పొద్దున ఆరింటినుంచి లైను. ఎండ. నా ముందున్న ముసలాయన పార్సెల్ వెనక్కి వచ్చింది, కొడుకు పేరు లేదట. ఆయన డబ్బా పట్టుకుని అక్కడే, లైను పక్కనే నిలబడిపోయాడు. అందరూ ఆయన్ని దాటుకుని ముందుకి జరుగుతున్నారు. నేనూ జరిగాను.

కౌంటర్లో చిన్నవాడు మర్యాదగానే మాట్లాడాడు. బాబాయ్ అన్నట్టు ఉలే అని పిలిచి, మీ లిస్టు చూపించండి అన్నాడు. మేనమామని అనాలి. చెయ్యి ముందే సంచీలోకి పోయింది. సంచీలో లిస్టు ఎందుకు పెట్టుకున్నానో... ఏ ఆఫీసుకి వెళ్ళినా పెట్టుకుంటాను. ఇచ్చాను. ఇందులో పైడి లేదుగా ఉలే, అన్నాడు. డబ్బాని వేలితో నావైపు తోశాడు. అంతే, ఒక జానెడు. ఆ జానెడు చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు. డబ్బాకి అంటించే కాగితం లాక్కుని రాసేశాను. తందా విన్ అలియాస్ పైడి.

ముద్ర కొట్టాడు. తీసుకున్నాడు.

అన్నం కాదు, లోపల పాడైపోతుంది. వేపుడు, చింతపండు పొడి, పైన రోసా ద్రాక్ష రెండు గుప్పెళ్ళు. మూత తీయగానే తెలుస్తుంది, నాన్న వచ్చాడని.

రెండు పేర్ల సంగతి మ ఖిన్‌కి చెప్పలేదు. ఈ దేశంలో లిస్టులకేం కరువు, ఆ లిస్టూ ఈ లిస్టూ ఎవడు పక్కపక్కన పెట్టి చూస్తాడు. మ ఖిన్ జ్వరంలో నవ్వింది. చాలాకాలానికి.

మార్చి 19

వార్డు గుమాస్తా వచ్చాడు, నలుగురు సైనికులు. మామూలు తనిఖీ అన్నారు. కుటుంబం లిస్టు అడిగారు, ఫోటో అడిగారు. పైడి బల్ల సొరుగు తీసి ఆకాశం బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళారు. ఈ డైరీ కూడా ఒకడు తిరగేశాడు. ఇదేం రాత అన్నాడు. పూజ పుస్తకం అన్నాను. రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

మామూలు తనిఖీయే. పక్కింట్లో కూడా చేశారు. పక్కింట్లో చేసినట్టే ఉంది.

మార్చి 23

జైలు గేటు మూసి ఉంది. ఈ వారం పార్సెళ్ళు లేవట. మొబైల్లో నెట్ కూడా లేదు. ఊరు ఊరంతా నోట్లో గుడ్డ కుక్కినట్టు ఉంది.

మార్చి 24, బుధవారం

వదిలేస్తున్నారు! వీధిలో పట్టుకున్నవాళ్ళని, పెద్ద కేసులు లేనివాళ్ళని. బస్సుల్లో తెస్తున్నారని పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి చెప్పింది. మ ఖిన్ దగ్గుతూనే పైడి లుంగీ, జాకెట్టు ఇస్త్రీ చేసింది. ఇద్దరం వెళ్ళాం. బస్సుల కిటికీల్లోంచి పిల్లలు నిరసన గుర్తుగా మూడు వేళ్ళు చూపిస్తున్నారు. ప్రతి కిటికీ చూశాను. మళ్ళీ మొదటినుంచి చూశాను.

సాయంత్రం దాకా ఉన్నాం. మ ఖిన్ చేతిలో ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు.

మార్చి 26

ఒక అమ్మాయి వచ్చింది. పేరు మ న్వే, పైడితో ఒకే గదిలో ఉందట. బుధవారం బస్సులో వచ్చినవాళ్ళలో ఒకతి. పంతొమ్మిదేళ్ళు ఉంటాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

చెప్పింది. పైడి కూడా వాళ్ళ లిస్టులోనే ఉందట, కొట్లో పనిపిల్ల అని. వదిలేస్తామన్నారట. కిందటి వారం గురువారం పొద్దున ఒక ఆఫీసరు వచ్చి గది గుమ్మంలో నిలబడి 'తందా విన్' అని పిలిచాడట. ఎవరూ పలకలేదట. మళ్ళీ పిలిచాడట, ఈసారి రెండు పేర్లూ కలిపి. పైడి లేచిందట. ఆ తర్వాత గదికి తిరిగి రాలేదట.

గురువారం. నేను రాసింది మంగళవారం.

మ ఖిన్ గుండెల మీద కొట్టుకుంది. "ఏ ముండాకొడుకు సెప్పీసినాడో. ఆడి నోరు పడిపోను. ఆడి సెయ్యి పడిపోను."

నేను టీ గ్లాసులు తీశాను. కడిగాను. మళ్ళీ కడిగాను.

వెళ్ళేముందు ఆ పిల్ల గుమ్మంలో ఆగి అడిగింది. ఉలే, గదిలో దీపం ఆర్పాక మ పైడి మాకు మీ ఎడారి చెప్పేది, మంచు, ద్రాక్ష, దీపాలు తగ్గించడం. మబ్బుల దగ్గరకి వచ్చేసరికి ఆపేసేది, మిగతాది మా నాన్నకే తెలుసు అనేది. ఆ మబ్బులు ఎలా ఉంటాయి?

గుర్తులేదమ్మా అన్నాను.

మార్చి 27

రాసేస్తున్నాను. చద్దికూరైనా సరే.

దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాను, పైడీ. ముందు నిజం మబ్బులే అనుకున్నాను. కోపం వచ్చింది, ఇంత దూరం వస్తే మబ్బు పట్టిందేమిటని. ఒకటి పెద్దది, నీ రెండు అరచేతులు కలిపి చాచినంత. ఇంకోటి చిన్నది, కాస్త ఎడంగా. రంగు అడుగుతావు కదా. పల్చటి గంజి రంగు. అంచులు లేవు, ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఏటి గాలికి ద్రాక్షతీగలు ఊగుతున్నాయి. ఇవి ఊగవు. గంటసేపు చూశాను, పందిరి గుంజ ఆనవాలు పెట్టుకుని. గుంజని అవీ చుక్కలూ కలిసే దాటాయి, ఒకదాన్ని విడిచి ఒకటి జరగలేదు. అప్పుడు నమ్మకం కుదిరింది. రోసా తమ్ముడు ఒక గుప్పెడు ద్రాక్ష తీసి గింజలన్నీ నా అరచేతిలో ఒంపాడు. అన్నీ చుక్కలే అని అర్థం. లెక్కలేనన్ని, దూరం వల్ల కలిసిపోయాయి.

నేను ఏడ్చాను. ఇది నీకు ఎదురుగా అయితే చెప్పేవాణ్ణి కాదేమో. చూడవలసినది నువ్వు, చూసింది నేను. ఉల్లిపాయలు తరిగే కళ్ళు నావి, వీటికేం తెలుస్తుందని.

ఊళ్ళో పొద్దుట్నుంచీ తుపాకుల చప్పుడు. కిటికీలు మూసేశాం.

మార్చి 28

మ ఖిన్ ఇంకా తిడుతోంది, పేరు చెప్పినవాణ్ణి. అన్నం వడ్డిస్తూ తిడుతుంది. దేవుడి ముందు దీపం పెట్టి తిడుతుంది. బుద్ధుడికి ఒకటి, అమ్మవారికి ఒకటి, రెండు దీపాలు, ఒకటే తిట్టు.

తింటున్నాను. వాడికి వడ్డించిన అన్నమే.

మార్చి 30, మంగళవారం

పార్సెల్ తీసుకోలేదు. ఆ మనిషి ఇక్కడ లేదు, ఎక్కడికి పంపారో మాకు తెలియదు అన్నాడు ఆ చిన్నవాడే. నా మొహం చూడలేదు. బల్ల కిందనుంచి పాత డబ్బా తీసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక మ ఖిన్ డబ్బా లాక్కుంది. మూత తీసింది. ఖాళీ, అడుగున ఒక మూల రెండు ఎండుద్రాక్షలు.

"సూసినావా! ఉత్తిది ఇవ్వలేదు. ఉత్తి గిన్నె ఇవ్వకూడదని దానికి తెలుసు. మీ అమ్మ మనవరాలు." ఏడుస్తూ నవ్వుతోంది. "ఉంది. ఎక్కడో ఉంది."

నలభై ఏళ్ళుగా డబ్బాలు కడుగుతున్నవాణ్ణి. వేడికి ద్రాక్ష మెత్తబడి మూలలకి అతుక్కుంటుంది, దులిపినా రాదు. ఆ మాట అనలేదు. నాకూ కావాలి అవి పైడి పెట్టినవే కావడం.

అప్పుడు డబ్బా తిప్పింది. పక్కన కాగితం ఇంకా అంటుకునే ఉంది. తందా విన్ అలియాస్ పైడి. పైడి కొట్టేసి ఉంది, ఎర్ర సిరాతో. తందా విన్ చుట్టూ సున్నా చుట్టి ఉంది.

చాలాసేపు చదివింది. నాలుగు మాటలు, చాలాసేపు.

"ఇది నీ రాతేనా."

అవునన్నాను.

రెండు ద్రాక్షలూ తీసి అమ్మవారి ముందు పెట్టింది. ఆ తర్వాత ఎవర్నీ తిట్టలేదు.

ఏప్రిల్ 2

తిడితే బాగుండును.

ఏప్రిల్ 5, సోమవారం

రేపు మళ్ళీ పార్సెల్ రోజు. ఊరికి ఎగువన ఇంకో జైలు ఉంది, అక్కడ కొందరు ఆడపిల్లలు ఉన్నారని విన్నాం. విన్నాం అంతే.

మ ఖిన్ పొద్దున్నే డబ్బా కడిగి ఎండలో పెట్టింది. వేపుడు తనే చేసింది, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. రోసా సంచీ బోర్లించి అడుగున మిగిలిన ద్రాక్షంతా వేసింది. పాత కాగితం గోరుతో గీకి గీకి తీసింది. కొత్తది అంటించింది.

ఆరు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. డబ్బా నా ముందు పెట్టింది, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది.

"రాయి."

ఏం రాయను అన్నాను.

"పేర్లు నీకే కదా బాగా తెల్సు" అంది. వీధిలోకి వెళ్ళిపోయింది.

పైడి అని రాస్తే, అలాంటి మనిషి లేదంటారు. ఆ పేరు కొట్టేశారు. తందా విన్ అని రాస్తే, అవును మీరు వెతికే పిల్ల నా కూతురే అని నేను మళ్ళీ సంతకం పెట్టినట్టు. ఏమీ రాయకపోతే డబ్బా ఎవరికీ కాదు.

డబ్బా ఎండకి వేడెక్కింది. లోపల ద్రాక్ష మూలలకి అతుక్కుంటూ ఉంటుంది. మధ్యాహ్నం దాటింది, కాగితం తెల్లగానే ఉంది, పెన్ను నా చేతిలోనే ఉంది.